గాజుతొట్టిలోని కాపురము

ఇంట జీవులను పెంచుట మనవారికి క్రొత్త గాదు. ఆవును కట్టని పెరడును, చిలుకపంజరము వ్రేలాడని వసారాయు మన తాతలనాటి పల్లెలలో అరుదుగా నుండెడివి. నూతినీరు చెడకుండుటకై అందు చేపలను, తాబేళ్లను విడుచు వాడుకయు గలదు. కాని యా జీవులతోడి సంబంధము తఱచుగా ప్రయోజనము ననుసరించినది. ఆవు పాలిచ్చును, నూతిలోని చేప పురుగులను దినును. కేవలము చూచి సంతోషించుటకై నీటి జీవులను గాజుగోడల నడుమ నిలుపుట మాత్రము పట్టణవాసముతో వచ్చిన ముచ్చట. పెరడు లేని బెజవాడ మేడలలో నేడు చేపలతొట్టి పెక్కిండ్ల కానవచ్చుచున్నది.

ఈ తొట్లలోనికి వచ్చి చేరిన అతిథులలో ఆఫ్రికాఖండపు సిక్లిడులు ముఖ్యములు. నీలము, పసుపు, నారింజ వన్నెలతో సముద్రపు పగడపుదిబ్బల చేపలవలె మెఱయుచు, మంచినీటనే బ్రదుకుటచేత వీనికి గిరాకి హెచ్చినది. వీనిని గూర్చి జనులు చెప్పు మాట యొక్కటే: "అవి పోట్లాడు జాతి, వాని పుట్టుబుద్ధియే యంత." ఈ మాట మన చెవులకు పరిచితమైనది. మనుష్యులను గూర్చియు మన సంఘమున ఇట్టి మాటలు చిరకాలముగా చెల్లుచున్నవి. ఫలానా కులమువారు కలహప్రియులనియు, ఫలానా యింటి ఆడువారు గయ్యాళులనియు ఒక్క ముక్కలో తీర్పు చెప్పుదురు. పుట్టుబుద్ధి యని పలికినంతనే విచారణ ముగియును. ఆ యిల్లెట్లు కట్టబడినదో, అందెవరి కెంత చోటున్నదో యెవరును అడుగరు. చేపల విషయమున నైనను ఆ ప్రశ్న అడిగి చూడవలెనని మాకు తోచినది. మా యింట ఒక తొట్టిని నెలకొల్పి, రెండేండ్లు కనిపెట్టి చూచినమీదట తెలిసిన సంగతులను ఇందు వ్రాయుచున్నాము.

ముం దీ చేపల వంశము నెఱుగుట మంచిది. సిక్లిడుల కుటుంబమున శాస్త్రజ్ఞులు పేర్లు పెట్టిన జాతులే 1,700కు మించియున్నవి. అందు అధికభాగము ఆఫ్రికాలోని మలావి, టాంగనీకా, విక్టోరియా యను మూడు మహాసరస్సులలో పుట్టినవి. మలావి సరస్సు రమారమి 580 కిలోమీటర్ల పొడవును, 700 మీటర్ల లోతును గలది. దాని యొడ్డుల వెంబడి నీటిలో బండలు గుట్టలుగా పడియుండును. ఆ బండలను పట్టుకొని బ్రదుకు చిన్న సిక్లిడులను అచ్చటి వారు ఎంబూనా యందురు. మన యంగళ్లలో ఆఫ్రికన్ సిక్లిడులని అమ్మునవి చాలవఱకు వీని సంతతివే.

ఈ వంశము మనదేశమునకు పూర్తిగా పరాయిది గాదు. భారతదేశమునందును మూడు సిక్లిడు జాతులు స్వతస్సిద్ధముగా నున్నవి. కేరళీయులు కరిమీన్ అని ప్రీతితో భుజించునదియు, 2010లో ఆ రాష్ట్రము తన రాష్ట్రమత్స్యముగా ప్రకటించుకొన్నదియు అం దొకటి. వీని దగ్గఱి దాయాదులు మడగాస్కరు ద్వీపమున గలవు. భరతఖండమును, మడగాస్కరును, ఆఫ్రికాయును ఒకే భూభాగముగా నుండిన పురాతనకాలపు చుట్టఱికమిది యని పలువురు పండితుల యభిప్రాయము.

ఎంబూనా చేప యేల పోరాడును? దాని యాహారము బండపై పెరుగు పాచి. ఆ పాచిని, అందలి సూక్ష్మజీవులను గీకి తినుటకు దాని పండ్లు అమరియున్నవి. బండ యున్న మగచేపకు తిండి యున్నది, గూడున్నది, ఆడుచేపను పిలుచుటకు ముంగిలి యున్నది. బండ లేనిదానికి ఏదియు లేదు. కావున మగచేప తన పొలిమేరను గాచుకొనును. పొరుగుచేప, అందును తనవన్నె గలది, దరికివచ్చిన తఱుమును. సరస్సునందు ఈ తఱుముట రెండు మూడు క్షణముల పని. ఓడినది నాలుగు మూరల దూరము పోయినచో గెలిచినది మఱలి తన బండకు వచ్చును. ఎవరికిని పెద్ద హాని జరుగదు. తొట్టియందో, ఓడినదానికి పోవుటకు చోటు లేదు. అది గాజుగోడను తాకి మఱల శత్రువు నెదుటనే నిలుచును. గెలిచినదానికి శత్రువు లొంగలేదని తోచును, మఱల తఱుమును. సరస్సులో అరనిమిషమున ముగియు వివాదము తొట్టిలో మరణముతోగాని ముగియదు. చేప అదే, కోపము అదే, మాఱినది ఇల్లు. మేము చెప్పదలచిన దంతయు ఈ యొక్క వాక్యమునం దున్నది.

మా తమ్ముని కుమారుడు పదునాలుగేండ్లవాడు. వాడొకనాడు ఒక యంగడిలో ఈ చేపలను చూచివచ్చి, "పెదనాన్నగారూ, రెండడుగుల తొట్టి, ఆఱు చేపలు, ఈ పూటకే యమర్చి యిత్తు మనుచున్నారు. కొనిపెట్టుదురా?" యని యడిగెను. ఆఱు చేపలును ఆఱు వన్నెల మగచేపలట, చూపునకు బాగుండునట. మే మింటివారమందఱమును కూర్చుండి యాలోచించితిమి. వాని ముచ్చటను కాదనుట మాకు సమ్మతము గాకుండెను. ఆఱు ప్రాణులను రెండడుగుల చెఱలో పెట్టి పోరు చూచుటయు సమ్మతము గాకుండెను. తుదకు ముందుగా ఇల్లు, పిదప కాపురము అని నిశ్చయమైనది. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర యెత్తు గల తొట్టిని చేయించితిమి. అందు రమారమి 240 లీటర్ల నీరు పట్టును. నీరు, గాజు, రాళ్లు కలిసి 350 కిలోగ్రాముల బరువగును గనుక క్రింది యంతస్తులో, గోడవారను, ఎండ సోకని చోట ఇనుపబల్లపై నిలిపితిమి. బల్ల నాలుగు మూలలును సమముగా నుండవలెను. వెండ్రుకవాసి వాలినను బరువంతయు ఒక గాజుపైబడి యది పగులును.

తరువాతిది నీటి సంగతి. మెత్తని నీటి చేపలను పెంచువారు మన ప్రాంతపు నీటిని నిందింతురు. సిక్లిడులకు మాత్ర మిది మేలే. మలావి సరస్సు నీటి పీహెచ్ 7.7 మొదలు 8.8 వఱకు నుండును; అనగా కొంచెము క్షారగుణము గలది. కృష్ణ నీరును క్షారమువైపునకే మొగ్గును. డెల్టాలోని బోరునీరు తఱచుగా కఠినమైనది. సముద్రతీరమునకు పోయినకొలది బోరులలో ఉప్పు హెచ్చును గనుక బందరు, అవనిగడ్డ వైపువారు రుచి చూచి, పరీక్ష చేయించి మఱి వాడవలెను. మేము కుళాయినీటినే వాడితిమి. పురపాలకసంఘమువా రందు కలుపు క్లోరిను మనకు రక్ష, చేపకు విషము. గంగాళములలో పట్టి ఒకదినము తెఱచియుంచినచో అది చాలవఱకు ఎగిరిపోవును.

నీరు నింపినంతనే చేపను విడువరాదని చెప్పినప్పుడు మా కుఱ్ఱవాని ముఖము చిన్నబోయెను. కాని కారణము వినినపిమ్మట వాడే దానికి కావలి యైనాడు. చేప విసర్జించు మలమునుండియు, తినక మిగిలిన మేతనుండియు అమోనియా పుట్టును. కంటికి కానరాని ఒకజాతి సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగా మార్చును, అదియు విషమే. మఱియొక జాతి ఆ నైట్రైటును నైట్రేటుగా మార్చును. అది కొంతవఱకు నిరపాయకరము. ఈ జీవులు ఫిల్టరులోని దూదియందును, రాళ్లపైనను కాపురముండి పెరుగుటకు నాలుగు మొదలు ఆఱు వారములు పట్టును. అంతవఱకు కొంచెము కొంచెముగా అమోనియానే వానికి మేతగా నీయవలెను. క్షారజలమున ఈ జాగ్రత్త మఱింత ముఖ్యము. పీహెచ్ 7 నుండి 8కి పెరిగిన నీటిలో, అంతే యమోనియాయందలి విషభాగము దాదాపు పది రెట్లగును. ఎండకాలపు వేడిమి దానిని ఇంకను పెంచును. కావున సిక్లిడుల తొట్టిలో తొందరపాటు హత్యతో సమానము. ఆఱు వారములు ఖాళీతొట్టిని చూచుచు, పుస్తకమున అంకెలు వ్రాసికొనుచు వేచియుండుట మా బాలునకు ఏ పాఠశాలయు నేర్పని ఓర్పును నేర్పినది.

శీతలదేశపు గ్రంథములలో ఈ చేపలకు నీటిని వెచ్చజేయు యంత్రము కావలెనని వ్రాసియుండును. బెజవాడలో దాని పని సంవత్సరమున కొన్నినాళ్లే. ఇచ్చట భయము వేడిమిది. రోహిణికార్తెలో రోళ్లు పగులునను సామెత పుట్టిన దేశము మనది. 20 డిగ్రీల నీరు లీటరునకు రమారమి 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువును పట్టుకొనగా, 30 డిగ్రీల నీరు ఏడున్నర మాత్రమే పట్టుకొనును. వేడిమిలో చేపకు ఊపిరి యవసరము హెచ్చును, నీటియందు ఊపిరి తగ్గును. కనుక తొట్టి మూతను తీసి దోమతెఱను గప్పి, పైనుండి చిన్న పంకా విసరునట్లు చేసితిమి. నీరు ఆవిరియగునప్పుడు రెండు మూడు డిగ్రీలు చల్లబడును. విద్యుచ్ఛక్తి నిలిచినప్పుడు గాలి మోటారు ఆగకుండుటకు ఇన్వర్టరునకు దానిని తగిలించితిమి. మనుష్యుల పంకా ఆగినను సహింపవచ్చును. చేపల గాలి ఆగిన రెండు మూడు గంటలలో ఇల్లు శ్మశానమగును.

పిదప రాళ్లు. ఇదియే యీ గృహనిర్మాణమున ప్రధానాంగము. పల్నాటి నాపరాయి మనకు దొరకును. అది సున్నపురాయి గనుక కొంచెముగా కరగుచు నీటి కాఠిన్యమును నిలుపును. అంచులు కోసికొనిపోకుండ అరగదీసి, ముందుగా తొట్టి అడుగుననే రాళ్లను నిలిపి, తరువాత కడిగిన యేటియిసుకను పోసితిమి. ఇసుకపై రాతి నుంచినచో చేపలు క్రింద త్రవ్వును. రాయి కూలి గాజును పగులగొట్టును. రాళ్ల నమర్చుటలో మేము మూడు నియమములను పాటించితిమి. చేపల సంఖ్యకన్న గుహల సంఖ్య హెచ్చుగా నుండవలెను. ప్రతి గుహకును రెండు వాకిళ్లుండవలెను. ఏలయనగా ఒక వాకిలి గల గుహ యోడినదానికి ఆశ్రయము గాదు, బోను. ఒక మూలనుండి చూచినప్పుడు రెండవ మూల కనబడకుండ నడుమ రాతిగోడ యుండవలెను. చేపకు కంటబడని పొరుగువాడు లేనివానితో సమానుడు.

తుదకు చేపలు. పసుపువన్నెవియు సాధువులును అగు ల్యాబిడోక్రోమిసులు, లేత నీలపు సోకోలోఫీలు, నలుపు పసుపు చారల ఆరేటసులు, జాతి కాఱు చొప్పున పదునెనిమిది పిల్లలను ఒక్కనాడే కలిపి విడిచితిమి. ముందు వచ్చినదానికి ఇల్లంతయు నాదే యను భావము గలుగును గనుక అన్నిటిని ఒకేమాఱు విడుచుట మంచిది. పల్చగా నాలుగింటిని పెంచుటకన్న తగినంత మందిని పెంచుట వీని విషయమున మేలు. నాలుగిటిలో బలహీనమైన ఒక్కదానిపైననే దెబ్బలన్నియు పడును, పదునెనిమిదింటిలో అవి పంచుకొనబడును. అయితే మందితోపాటు మురికియు హెచ్చును. కావున బలమైన ఫిల్టరు, వారమున కొకమాఱు నాల్గవవంతు నీటి మార్పు విధిగా నుండవలెను. ఒక్కొక్క జాతిలో ఒక మగదానికి మూడు నాలుగు ఆడువి యుండవలెను. మేత విషయమున ఒక హెచ్చరిక: ఎంబూనాలు శాకాహారమునకు తగిన పొడవైన ప్రేవులు గలవి. ప్రేమచే పురుగులు, మాంసము పెట్టినచో కడుపుబ్బి చచ్చును. ఉడికించిన పాలకూర, దోసకాయముక్క, స్పిరులినా పాచితో చేసిన మేత వీనికి తగినవి.

ఎనిమిది మాసములు కాపురము చల్లగా సాగినది. పిల్లలు పెద్దవైనవి, ఆరేటసులలో ఒకటి ముదురు నలుపు వన్నెకు మాఱి మగదని తేలినది. అది నడిమి పెద్దరాతిని ఆక్రమించి, క్రమముగా తొట్టిలో సగమును తన పొలిమేర గావించుకొన్నది. ఒకనాటి యుదయమున మా మఱదలు వంటయింటినుండి పోవుచు నిలిచి చూచి, "బావగారూ, ఒకసారి యిటు రండు. ఈ తల్లికి ఆ మూల తప్ప దిక్కు లేకున్నది," యని పిలిచినది. పోయి చూచితిమి. ఒక యాడుచేప గొంతు ఉబ్బియున్నది. నోట గ్రుడ్లున్నవని యర్థము. ఈ జాతులలో తల్లి గ్రుడ్లను నోటనే పొదుగును. రమారమి మూడువారములు నోరు మూసికొని, ఇంచుమించు నిరాహారముగా నుండి, పిల్లలను ఈదగల వయసున విడుచును. ఆ వ్రతమున నున్న తల్లి ఫిల్టరు గొట్టము వెనుక నిక్కి నిలిచియున్నది. దాని తోక చీలికలైనది. అది కొంచెము కదలినంతనే నల్లది బాణమువలె వచ్చుచున్నది. దెబ్బకు నోరు తెఱచినచో బిడ్డలు పోవును. తెఱవకున్న తాను పోవును.

మా బాలుడు కోపముతో నల్లదానిని చంపవలె ననెను. మేము వలదని, దానిని జాలితెఱ కావల నుంచి, రాళ్లనన్నిటిని తీసి క్రొత్తవిధమున పేర్చితిమి. పాత హద్దులు చెఱగిపోయినవి. గొట్టము చెంతను, గాజు వెనుకను క్రొత్త గోడలు, క్రొత్త సందులు వచ్చినవి. తల్లి ఒక యిరుకు గుహను చూచుకొని దాగినది. కాని మా కాశ్చర్యము గొలిపినది మఱియొకటి. అంతవఱకు ఆడుదానివలె పసుపుచారలతో నొదిగి తిరుగుచుండిన ఇంకొక యారేటసు, పెద్దది తెఱ కావలికి పోయిన కొలది దినములలోనే నలుపెక్కసాగినది, తఱుముట మొదలిడినది! నిన్నటి సాధువు నేటి పోకిరి. దాని పుట్టుబుద్ధి యెప్పుడు మాఱినది? బుద్ధి మాఱలేదు, చోటు ఖాళీయైనది.

ఇది మా తొట్టి వింత గాదు. టాంగనీకా ప్రాంతపు బర్టోనీ యను సిక్లిడును అమెరికాదేశమున స్టాన్ఫర్డు విశ్వవిద్యాలయపు ఆచార్యుడు రస్సెల్ ఫెర్నాల్డు చిరకాలము పరిశోధించెను. పెత్తనము చేయు మగచేపను తొలగించినంతనే, అణగియున్న మఱొక మగది నిమిషములలో వన్నె తెచ్చుకొని పెత్తనమునకు పూనుకొనునని అందు తేలినది. వన్నెయే గాక, మెదడులోని కొన్ని కణములును పెరుగును. పదవి పోయినప్పుడు మఱల చిన్నవగును. ఆయన శిష్యులతో గలిసి 2007లో ప్రకటించిన యింకొక పరిశోధన మఱింత విచిత్రము. ఒడ్డున నిలిచి ఇతరుల పోట్లాటలను చూచిన చేప, తాను పోరాడకయే యెవ రెవరికన్న బలవంతులో ఊహించుకొనగలదు. చూచుచున్నవి నేర్చుకొనుచున్నవి. ఇంటిలో ఒకరిపై ఒకరు చేయు దౌర్జన్యమును చిన్నవారు కనిపెట్టరని తలచు పెద్దలు ఈ సంగతిని తలపోయవలెను.

ఆస్ట్రియాదేశపు కాన్రాడ్ లోరెంజ్ 1963లో క్రౌర్యమును గూర్చి యొక గ్రంథము వెలువరించెను. ఆయనకు 1973లో నోబెలు బహుమానము వచ్చినది. అందు సిక్లిడు దంపతుల ప్రస్తావన గలదు. గాజుపలక కిరువైపుల రెండు జంటల నుంచగా, మగవి రెండును గాజు మీదుగా పరస్పరము కసరుకొనుచు, తమ భార్యలతో సుఖముగా నుండెను. గాజుపై పాచి పెరిగి పొరుగువాడు కానరాకున్నప్పుడు మగది తన యింటిదానిపై తిరుగబడెను. గాజును తుడిచినంతనే యింట శాంతి నెలకొనెను. దీనినుండి క్రౌర్యము కుండలో నీటివలె లోన నూరుచు, ఎటో యొకవైపు పొర్లితీరునని లోరెంజ్ తలచెను. తరువాతి శాస్త్రజ్ఞు లీ సిద్ధాంతము నంగీకరింపలేదు. మాకును అది సరిపడదు. బయట శత్రువు నొకని చూపి యింట శాంతి సంపాదించుట గృహమునకుగాని దేశమునకుగాని శ్రేయస్కరము గాదు. 2011లో అమెరికాలో రోనాల్డు ఓల్డుఫీల్డు ప్రకటించిన పరిశోధన ఇంకొక త్రోవ చూపినది. మైడాసు సిక్లిడులను ఆయన పలువిధముల తొట్లలో పరీక్షింపగా, విశాలమై, మఱుగులు గలదానియందు కలహము తగ్గినది. చిన్న తొట్లలో తగ్గలేదు. శత్రువును వెదకి పెట్టనక్కఱలేదు. చోటును, చాటును పెట్టిన చాలును.

మనుష్యుడు చేప గాడని మే మెఱుగుదుము. తొట్టిని చూపి మనుష్యుని దుర్మార్గమును మన్నించువారి వాదమును మేము సాగనీయము. భార్యను కొట్టువాడు ఇల్లిరుకని చెప్పి తప్పించుకొన వీలులేదు. వానికి వివేకము గలదు, చట్టము గలదు. మేము చెప్పునది ఇల్లు కట్టువారిని గూర్చి. రెండవ వాకిలి లేని యింటిలో దెబ్బతినువారి కోర్పును బోధించుట ధర్మము గాదు. తలుపు తెఱవవలెను. ఆడుబిడ్డకు చదువు, సొంత సంపాదన, పుట్టినింట చనువు, ఆపదలో పోయి నిలువదగిన యొక నీడ యున్నచో, ఆమె గుహకు రెండవ వాకిలి యున్నట్లే.

తొట్టిలోని తల్లి పదునెనిమిదవ దినమున పదుమూడు పిల్లలను విడిచినది. కుఱ్ఱవాడు లెక్కించి యిల్లంతయు చాటినాడు.

ఇక చాకిరిని గూర్చి యొక మాట. వారమునకు 60 లీటర్ల నీరు మార్చుట యన్న, నాలుగు బిందెల మురికినీరు మోసి, నాలుగు బిందెల మంచినీరు తెచ్చుట. పెక్కిండ్లలో ముచ్చట మగపిల్లవానిది, బిందె తల్లిది. మొదటి వారమే మా తమ్ముడు కుమారుని పిలిచి, "చేపలు నీవి, బిందెయు నీదే," యని చెప్పెను. రెండేండ్లుగా ఆదివారపు బిందె వాడే మోయుచున్నాడు. ఆ మురికినీరు మొక్కలకు మంచి యెరువు; మా మఱదలి గులాబులు దానికి సాక్ష్యము.

పిల్లలు పెరిగినకొలది మాకు పెద్ద చిక్కు వచ్చినది. తొట్టి చాలదు. మా అమ్మగా రొకనాడు, "బాబూ, ప్రాణమున్న వానిని ఇట్లు గాజులో పెట్టుట యేల? మిగిలినవానిని కృష్ణలో విడిచిపుచ్చుడు, పుణ్యము గలుగును," అనినది. ఆమె మాటలో దయ యున్నది. ఎనుబదియేండ్ల తల్లి దయతో చెప్పిన మాటను కాదనుట సులభము గాదు. ఆమె ప్రక్కను కూర్చుండి, ఆమె యెఱిగిన చేప కథనే చెప్పితిమి.

మన సంతలలో జిలేబీచేప యని అమ్ము తిలాపియాయు ఆఫ్రికా సిక్లిడే. 1952లో దానిని బాంకాకునుండి మనదేశమునకు తెచ్చిరి. పేదల కగ్గువ మాంసము గలుగునని తెచ్చినవారి యుద్దేశము. అదియు నోట పిల్లలను మోయునదే. రెండు మూడు మాసములకే యీనిక కెదుగును. చెఱువు లిరుకై, చేపలు కురుచనై, దేశవాళీ చేపలకు చోటు తగ్గుట చూచి 1959లో దాని వ్యాప్తిని నిషేధించిరి. అప్పటికే యది దక్షిణదేశపు జలములలో వేరూనినది. నేడు కృష్ణలో, కాలువలలో వల వేసినవారికి అది పడని దినము లేదు. దాని సుధారించిన గిఫ్టు జాతిని అనుమతితో, కట్టుదిట్టములతో పెంచు కేంద్రము విజయవాడ చేరువ మానికొండలో 2011లో వెలసినది. కట్టుదిట్టములు వచ్చినది చేప పాఱిపోయిన యర్ధశతాబ్దమునకు. తొట్టి గోడలు నాకి శుద్ధిచేయునని యమ్మిన దక్షిణ అమెరికా చేప యింకొకటి, ఎవరో వదలగా మన చెఱువులలో పెరిగి, ముండ్లతో వలలను చించుచున్నది. జాలరులు దానిని దెయ్యపుచేప యనుచున్నారు.

ఒక కాలువలో పడినది ఒక కాలువలోనే యుండదు. 1855లో కృష్ణకు ఆనకట్ట పూర్తియైనది మొదలు డెల్టా యంతయు ఒకే నీటి జాలముగా అల్లుకొన్నది. బెజవాడలో విడిచినది బందరు కాలువవెంట సముద్రతీరమునకు, ఏలూరు కాలువవెంట కొల్లేటి పొరుగునకు, అచ్చటినుండి గోదావరీ కాలువలకు పోగలదు. మన ఎంబూనాలు ఆ బురదనీటిలో చాలవఱకు కొఱ్ఱమీనుల పాలై చచ్చును. అప్పుడది జీవదానము గాదు. బ్రదికి పెరిగినచో మన చేపల నోటికూడు తీయును. అప్పుడు నది కపకారము. ఏ త్రోవను పుణ్యము లేదు.

ఈ కథకు రెండవ వైపును గలదు. విక్టోరియా సరస్సులో 1950 తరువాత నైలు పెర్చి యను పెద్దచేపను విడువగా, అచ్చటి సిక్లిడులు వందలకొలది జాతులు నశించినవి. ఇచ్చట ఆక్రమించిన వంశమే అచ్చట ఆహుతియైనది. ఒకచోట దుష్టుడు, ఒకచోట దీనుడు. చేపను చోటునుండి చోటునకు మార్చిన చేయి మాత్రము రెండుచోట్లను మనుష్యునిదే. అంతయు విని మా అమ్మగారు కొంతసే పూరకుండి, "అయితే ఇంటిలో పుట్టినవానికి ఇంటివారే దిక్కన్నమాట," అనినది. మేమింత చెప్పినను ఆమెవలె చెప్పలేదు.

ఆ పిల్లలను తగిన తొట్లున్న రెండిండ్లకు, ముందు తొట్టిని చూచి మఱి యిచ్చితిమి. నల్లదానిని తెఱతీసి క్రొత్త రాళ్లలోనికి విడిచితిమి. అది యొక మూల రాతితో తృప్తిపడినది. తఱుముట మానలేదు. తఱుమబడినవానికి మాత్రము పోవుటకు చోటున్నది.

చేపలు పెంచగోరు గృహస్థులు కొనుటకు ముందు తమ్ము తా మడుగవలసిన ప్రశ్నలు మూడు. ఓడినది పోవుటకు నా తొట్టిలో చోటున్నదా? వారము వారము బిందె మోయువా రెవరు? పిల్లలు పుట్టినచో వాని నేమి చేయుదును? ఈ మూటికి సమాధానము లేనివారు చిత్రపటమును గోడకు తగిలించుకొనుట మేలు. సమాధానము గలవారు నిర్భయముగా పెంచవచ్చును. ఆ తొట్టి యింటిపిల్లలకు దినదినమును ఒక పాఠము చెప్పును. బలవంతుని తిట్టి లాభము లేదనియు, బలహీనునకు వాకిలి తీయుట యింటివారి విధి యనియు ఆ పాఠమును చదివిన పిల్లలు రేపు తమ యిండ్లను మనకన్న బాగుగా కట్టుదురని మా నమ్మకము.